మా తమ్ముడి వడ్డన

మా ఇళ్ళలో విస్తరి ముందు కూర్చున్న మనిషి అడగ్గానే "వెయ్యండి" అనకూడదు. ముందు వద్దనాలి. చెయ్యి అడ్డం పెట్టాలి. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా సరే, "ఇగ చాలు, మస్తయింది" అనాలి. వడ్డించేవాడు ఆ మాట వినిపించుకోకూడదు. అడ్డం పెట్టిన చేతిని పక్కకు నెట్టి, వేళ్ళ సందుల్లోంచైనా సరే ఒక గంటె కూర పడెయ్యాలి. అప్పుడు తినేవాడు "ఏందిది, గింతనా" అని విసుక్కుని, సంతోషంగా తినాలి. మేడ్చల్ చుట్టుపక్కల మాలాంటి వ్యవసాయదారుల ఇళ్ళలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పని చదువు ఇది. లాగులు తొడిగే వయసుకే అందరికీ వచ్చేస్తుంది. మా తమ్ముడికి మాత్రం రాలేదు.

నేను అక్కను, వాడు నాకన్నా మూడేళ్ళు చిన్న. మాటలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చిన మాటలు కూడా లెక్కగా, అవసరానికి సరిపడా ఉండేవి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడడు, చొక్కా గుండీ చూస్తాడు. తన చొక్కా అంచును బొటనవేలితో రుద్దుకుంటూ ఉంటాడు. లారీ హారన్ పక్కనే మోగినా ఉలకడు కానీ, కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని వాకిట్లోకి పరుగు. ఏది వాడిని బాధపెడుతుందో, ఏది పెట్టదో తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

అడిగిన దానికి జవాబు చెప్పడంలో మాత్రం వాడంత నమ్మకస్థుడు మా వంశంలో లేడు. ఎవరైనా వచ్చి "నాయిన ఉన్నడా?" అంటే "ఉన్నడు" అని చెప్పి తలుపు వేసుకునేవాడు. వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి మళ్ళీ తలుపు కొట్టేవాళ్ళు. తప్పు వాళ్ళది. "నాయినను పిలువు" అనలేదు కదా.

వాడికి పన్నెండేళ్ళప్పుడు నాయిన సిటీలో పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆటిజం అనే మాట మా ఇంట్లోకి అప్పుడే వచ్చింది. తొంభైల మొదట్లో మేడ్చల్‌లో ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. అమాయకుడు అనేవాళ్ళు మర్యాదస్తులు, మిగతావాళ్ళు అనేది రాయను. అమ్మ డాక్టరును ఒకటే అడిగిందట, తగ్గుతదా అని. ఇది జ్వరం కాదమ్మా తగ్గడానికి, పిల్లవాడు దీనితోనే పెద్దవాడవుతాడు అన్నాడట ఆయన. అమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పెరుగన్నం కలిపి వాడికి తినిపించింది. ఆ తినిపించడం వాడికి మీసాలొచ్చాక కూడా ఆగలేదు.

చుట్టాలు వస్తున్నారంటే వాడికి ముందే తినిపించి, వెనక గదిలో ట్రాన్సిస్టర్ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. దాచిపెడుతున్నామని ఎవరూ అనలేదు. నలుగుట్లోకి వస్తే వాడు పరేషాన్ అయితడు అనేవాళ్ళు. అందులో నిజం ఉంది. సగం నిజం. మిగతా సగం, మేమే పరేషాన్ అవుతామని.

మా నాయిన గురించి చెప్పాలి. అప్పట్లో మాకు అంగూరు తోట, అదే ద్రాక్షతోట, ఉండేది. నాయిన తోటలో పందిళ్ళ కింద తిరుగుతుంటే జీతగాళ్ళు బీడీలు దాచేసేవాళ్ళు. పెట్టే చెయ్యే తప్ప ఒకరిని అడిగే నోరు కాదాయనది. దాహం వేసినా మంచినీళ్ళు కావాలని అనడు. గొంతు సవరిస్తాడు, అమ్మ చెంబు తెస్తుంది. వార్డు మెంబరుగా నిలబడ్డప్పుడు కూడా ఓటెయ్యమని ఎవరినీ అడగలేదు. చేతులు జోడించి "చూస్కోండ్రి" అని ముందుకు పోయేవాడు. ఎలా గెలిచాడో నాకిప్పటికీ తెలియదు.

తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు దాటాక, శామీర్‌పేట వైపు ఒక మేడం ఇలాంటి పెద్ద పిల్లల కోసం ఏదో నడుపుతోందని తెలిసింది. అంగూరు పండ్లు డబ్బాలకెత్తే పాత షెడ్డు అది. లోపల ఆటబొమ్మలు, రంగుల పటాలు ఏమీ లేవు. పొయ్యి, చీపురు, బకెట్లు, బట్టలారేసే తీగలు ఉన్నాయి. మేడం గొంతు మైకు అక్కర్లేని గొంతు. ఆమె కూతురూ మా వాడిలాంటిదే. తను పోయాక బిడ్డ ఎలా బతుకుతుందన్న భయంతో ఇది మొదలుపెట్టానని, మొహమాటం లేకుండా చెప్పేసింది.

మొదటిరోజే ఆమె అమ్మను, వాడు తనంతట తను తింటాడా అని అడిగింది. నేనే పెడతానంది అమ్మ. మీరు పెట్టకపోతే ఏం చేస్తాడు అంది మేడం. పస్తుంటాడంది అమ్మ. అయితే ఒక పూట ఉండనివ్వండి అంది మేడం. దారి పొడుగునా అమ్మ స్కూటర్ వెనక కూర్చుని ఆమెను తిట్టిన తిట్లన్నీ నాయినే విన్నాడు. కానీ మర్నాటి నుంచి వాడు అక్కడ సొంత చేత్తో తినడం మొదలుపెట్టాడు. సాయంత్రం చొక్కా మీద పప్పు మరకలతో, చాలా తృప్తిగా ఇంటికొచ్చాడు. అమ్మ ఆ చొక్కా ఉతుకుతూ ఏడ్చింది. సంతోషమో, చేతిలో పని పోయిందనో ఆమెకే తెలియాలి.

ఆ షెడ్డులో మధ్యాహ్నం ఒకరికొకరు వడ్డించుకోవాలి. ఎదుటి మనిషిని కావాలా అని అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి, చెప్పినంతే వెయ్యాలి. ఇంత చిన్న సంగతిని మేడం ఎందుకంత పట్టుబట్టి నేర్పుతుందో నాకు మొదట అర్థం కాలేదు. ఒకరోజు వాళ్ళు తింటుంటే పక్కన కూర్చున్నాను. పాతికేళ్ళ అమ్మాయి ఒకామె, "కూర ఎయ్యాలెనా?" అని మా తమ్ముడు అడిగితే చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి వద్దంది. వద్దన్నాక నవ్వింది. వాళ్ళ కంచాల్లో పుట్టినప్పట్నుంచీ ఎవరో ఒకరు ఇష్టమొచ్చినంత పెడుతూనే ఉన్నారు. నీకెంత కావాలి అని అడిగినవాళ్ళు లేరు. ఆ నవ్వు చూశాక మేడం మీద నాకు గొప్ప ప్రేమ పుట్టింది.

నాయిన వార్డు మెంబరుగా గెలిచిన దావత్ అప్పుడే వచ్చింది. ఇంటి ముందర షామియానా, బగారన్నం, మటన్, పచ్చిపులుసు. మగవాళ్ళ మొదటి బంతి కూర్చుంది. అందులో మా పెద్దనాయన, అంటే నాయిన వాళ్ళ అన్న, నడిమధ్యన. వడ్డించేవాళ్ళు తక్కువయ్యారని కేకలు వినబడ్డాయి. తమ్ముడు వెనక గదిలో ట్రాన్సిస్టర్ ముందున్నాడు. నాకు నోరెక్కువ, తెగింపు అంతకన్నా ఎక్కువ అని మా ఇంట్లో అందరూ అంటారు. వాడిని లేపి చేతులు కడిగించి, మటన్ బకెట్ చేతికిచ్చి బంతిలోకి పంపాను. మా ఇంటి దావత్‌లో మా ఇంటి పిల్లవాడు వడ్డించాలి కదా అనుకున్నాను.

వాడు చక్కగా మొదటి విస్తరి దగ్గర ఆగాడు. "ఎయ్యాలెనా?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టి వద్దు వద్దన్నాడు. వాడు పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. ఆయనా వద్దన్నాడు. వాడు ముందుకెళ్ళాడు. అలా ఆ చివర నుంచి ఈ చివర దాకా మర్యాదస్తులందరినీ దాటుకుంటూ, బకెట్ నిండా మటన్‌తో తిరిగి నా దగ్గరికొచ్చాడు. "ఎవలకు వద్దంట" అన్నాడు.

బంతి మొత్తం ఉత్త బగారన్నం వంక చూస్తూ కూర్చుంది. మళ్ళీ అడగమని అడిగే మొహం ఎవరికీ లేదు. పిల్లలు కొందరు కిసుక్కుమన్నారు. పెద్దనాయన విస్తరి మీంచి లేచిపోయాడు. నాయిన పరుగున వెళ్ళి చేతులు పట్టుకున్నా కూర్చోలేదు. ఆడవాళ్ళ బంతి మాత్రం తెలివైనది. సంగతి అప్పటికే లోపలికి పాకిపోయింది. వాడు బకెట్‌తో రాగానే మా అత్తలందరూ ఒక్క గొంతుతో ఎయ్యి బిడ్డా అన్నారు. వాడు వాళ్ళందరికీ నిండా వేశాడు.

సాయంత్రం షామియానా విప్పుతుంటే నాయిన నన్ను పిలిచాడు. వాడి మీద కోపం లేదాయనకు, ఎప్పుడూ లేదు. నా వైపు చూడకుండా అన్నాడు, "వాణ్ణి నలుగుట్ల నవ్వులపాలు చేసినవ్ బిడ్డా. వాడు నవ్వులపాలైతే నేను సూడలేను." ట్రాన్సిస్టర్ మళ్ళీ వెనక గదిలో మోగింది.

శామీర్‌పేట వెళ్ళడం మాత్రం ఆగలేదు. మెంబరయ్యాక నాయినకు తీరిక లేక స్కూటర్ మీద దించడం కుదరలేదు, అందుకని వాడికి బస్సు నేర్పడానికి ఒప్పుకున్నాడు. మేడం వాడితో కొన్నాళ్ళు కలిసి ప్రయాణం చేసింది. తర్వాత ఒంటరిగా పంపమంది. నాయిన నన్ను వాడికి తెలియకుండా వెనకే వెళ్ళమన్నాడు. నేను తలకు చున్నీ చుట్టుకుని, వెనక తలుపు నుంచి ఎక్కి, ఒక లావుపాటి ఆమె వెనక దాక్కున్నాను. బస్సు మేడ్చల్ దాటిందో లేదో, ముందు సీటులోంచి మా వాడు వెనక్కి తిరగకుండానే గట్టిగా అన్నాడు, "అక్కా, టికెట్ తీసుకో." బస్సంతా నన్ను చూసింది. కండక్టర్ నా వైపు అనుమానంగా వచ్చాడు. చచ్చినంత సిగ్గేసినా, ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు. నిజంగానే టికెట్ తీసుకోలేదు మరి.

ఒకసారి బస్సు దారిలో చెడిపోతే అందరూ దిగినా వాడు దిగలేదు. బోర్డు మీద శామీర్‌పేట అనే ఉంది, శామీర్‌పేట ఇంకా రాలేదు. మెకానిక్ వచ్చేదాకా డ్రైవర్ వాడికి తోడు కూర్చున్నాడట. నాయిన ఇదే సందని ఇక చాలన్నాడు. మేడం మాత్రం, బస్సు చెడిపోతే ఏం చెయ్యాలో మేము నేర్పలేదు, అంతే అంది. నేర్పింది. తర్వాత వాడు ఏ బస్సు చెడిపోయినా దిగి వెనక బస్సెక్కేవాడు, కండక్టర్లకు వాడి ముందు సీటు అలవాటైపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక మా చుట్టూ అన్నీ మారాయి. అంగూరు తోట ప్లాట్లయింది. స్కూటర్ పోయి జీపు వచ్చింది. నన్ను దూలపల్లికిచ్చి పెళ్ళి చేశారు. కండ్లకోయలో కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో నాకు ఉద్యోగం దొరికింది. ఆ కాలేజీ క్యాంటీన్ నడిపే ఆయన మంచివాడే కానీ ఎప్పుడూ అరుస్తూ ఉండేవాడు. పిల్లలు సగం తిని సగం పారేస్తారు, వడ్డించేవాళ్ళు చెప్పకుండా మానేస్తారు, అదీ ఆయన బాధ. ఒకరోజు లైబ్రరీకి పేపర్ చదవడానికొచ్చి అదే పాట పాడుతుంటే, మా తమ్ముడి సంగతి చెప్పాను. మాట వింటాడా అని అడిగాడు. వింటాడు, అదే ఇబ్బంది, మీరు చెప్పిందే చేస్తాడు అన్నాను. నాకలాంటోడే కావాలన్నాడు ఆయన.

పుట్టింటికెళ్ళి చెప్పగానే నాయిన గడ్డం గీసుకుంటున్నవాడు కత్తి అద్దం పక్కన పెట్టేసి లేచాడు. సగం మొహం సబ్బు నురుగుతో ఉంది. ఆ మొహంతోనే అన్నాడు, "మన ఇంటి పిల్లగాడు గంటె పట్టుకొని పరాయోళ్ళకు వడ్డిస్తడా? మనకేం తక్కువైంది? వాని పేరు మీద పిలాట్ రాసిన. బతికినన్ని దినాలు కూసోని తినొచ్చు."

"కూసోని తినుడేనా నాయినా వాని బతుకు?" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. భూమి ఉంటే మనిషికి తోడుంటుందా, పొద్దున లేచి ఎక్కడికి పోవాలో భూమి చెబుతుందా అని ఏదేదో అన్నాను. దావత్ సంగతి మర్చిపోయినవా అని నాయిన అన్నాడు. మర్చిపోలేదు, అది వాడి తప్పు కాదని కూడా మర్చిపోలేదు అని నేనన్నాను. ఇద్దరం ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళమే, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదే కాబట్టి ఇద్దరికీ చాలా బాగా వచ్చు.

అప్పటిదాకా బియ్యం ఏరుతున్న అమ్మ చాట పక్కన పెట్టింది. నాయిన ముందు ఆమె ఎన్నడూ గొంతెత్తి మాట్లాడింది కాదు, ఆ రోజూ ఎత్తలేదు.

"నేను వానికి ముద్దలు పెట్టుడు మానేసిన" అంది. "నాకు శాన కష్టమైంది. ఇగ నువ్వు గూడ మాను."

నాయిన మళ్ళీ కూర్చుని మిగతా సగం గడ్డం గీసుకున్నాడు. అయ్యాక, దసరా దాకా చూద్దామన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. తన కళ్ళ ముందు వాణ్ణి చూసి ఎవరన్నా నవ్వితే ఆ రోజే ఇంటికి తీసుకొస్తాడు, ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. నేను ఒప్పుకున్నాను. తమ్ముడిని కూడా అడగాలి కదా అని అడిగాను. బస్సుందా అన్నాడు. ఉందన్నాను. అయితే పోతానన్నాడు.

మొదట్లో తేలిగ్గా ఏమీ జరగలేదు. మొదటిరోజే వంటగదిలో కుక్కర్లు వరసగా కూత పెడితే వాడు గంటె పారేసి వెళ్ళి కాలేజీ బస్సుల మధ్య నిలబడ్డాడు. క్యాంటీన్ ఆయన అరిచాడు. అరిస్తే వాడు ఇంకా దూరం వెళ్ళాడు. నేను వెళ్ళి సంగతి విడమరిచి చెప్పాక, కూత వచ్చే ముందు వంటమనిషి వాడికి చెప్పేలా, వాడు కాసేపు బయటికెళ్ళి వచ్చేలా ఏర్పాటు చేశాడు. ఎవరికీ నష్టం లేని చిన్న ఏర్పాటు. ఇంటర్వెల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కంచాలు చాపితే వాడు గంటె కింద పెట్టేసి చేతులు కట్టుకునేవాడు. తోసుకోవడం ఆగేదాకా ఎవరికీ అన్నం లేదు. ఆకలైన పిల్లలకు క్రమశిక్షణ తొందరగా వస్తుంది. ఆ క్యాంటీన్లో వరుస కట్టడం మా తమ్ముడు పుట్టించిందే.

ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన ఫస్టియర్ పిల్లలు పాపం మర్యాదగా వద్దనేవాళ్ళు, ఒక పూట ఉత్త అన్నం తినేవాళ్ళు. మర్నాటికి నేర్చుకునేవాళ్ళు. కావలసినంతే వేయించుకోవడం వల్ల పారేసేది తగ్గిందని క్యాంటీన్ ఆయన అరవడం కూడా కొంచెం తగ్గించాడు. హాస్టల్ అమ్మాయి ఒకామె పుస్తకం తీసుకోవడానికొచ్చి నాతో అంది, నీకెంత కావాలి అని ఈ కాలేజీలో నన్ను అడిగేది ఆ అన్న ఒక్కడే మేడం అని. ఆ అన్న నా తమ్ముడని చెప్పేటప్పుడు నాకు గర్వమనిపించింది. వాడు జీతం తెచ్చి అమ్మ చేతిలో పెడితే, అమ్మ తీసుకుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ వాడి జేబులోనే పెట్టింది.

నాయిన మాత్రం ఒక్కసారి కూడా అటువైపు రాలేదు. ఊళ్ళో ఎవరన్నా అడిగితే "కాలేజీల ఉంటడు" అనేవాడు. ఏ పనిలో అన్నది అడిగినవాళ్ళ ఊహకు వదిలేసేవాడు. చాలామంది ఆఫీసులో గుమాస్తా అనుకున్నారు.

దసరా ఇంకా దగ్గరపడకముందే ఆ రోజు వచ్చింది. హైవే నుంచి కాలేజీ దాకా రోడ్డు వేస్తున్నారు. కొబ్బరికాయ కొట్టడానికి చుట్టుపక్కల పెద్దలందరినీ పిలిచారు, అందులో నాయిన, పెద్దనాయన కూడా ఉన్నారు. భోజనాలు ప్రిన్సిపాల్ గదిలో అనుకున్నారు. పెద్దనాయనకు జనం కనబడితే ఊపొస్తుంది, పిల్లలతోటే తిందామని క్యాంటీన్ వైపు నడిచాడు. నాయినకు వెనక నడవక తప్పలేదు. క్యాంటీన్ ఆయన లైబ్రరీకి పరుగెత్తుకొచ్చి నన్ను అడిగాడు, ఇవాళ్టికి మీ తమ్ముడిని లోపల కూర్చోబెట్టమంటారా అని. వెనక గది, ట్రాన్సిస్టర్ గుర్తొచ్చాయి. వద్దన్నాను. ఆయన వెనకే మెట్లు దిగాను.

నేను వెళ్ళేసరికి పెద్దలందరూ ఒక పొడుగు బల్ల ముందు కూర్చున్నారు. కంచాల్లో అన్నం పెట్టి ఉంది. చుట్టూ పిల్లలు తింటున్నారు. మా తమ్ముడు ఉతికిన తెల్ల చొక్కాతో పప్పు గిన్నె పట్టుకుని ఆ చివర నుంచి వస్తున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నాయిన తల దించుకుని కంచం వంకే చూస్తున్నాడు.

వాడు పెద్దనాయన దగ్గర ఆగి, ఎప్పటిలాగే గుండీ వంక చూస్తూ, ఎయ్యాలెనా అని అడిగాడు. పెద్దనాయన గబుక్కున కంచం ముందుకు జరిపాడు. "ఎయ్యి కొడుకా, మస్తుగ ఎయ్యి. నీ తాన మొగమాటపడితే కడుపు మాడుతదని నాకు ఎర్కే" అన్నాడు. బల్లంతా ఘొల్లున నవ్వింది. పక్క బల్లల మీది పిల్లలూ నవ్వారు.

నాయిన పెట్టిన షరతు అదే కదా. ఇప్పుడాయన లేచి, వాడి చేతిలోంచి గంటె తీసి పక్కన పెడితే నేను అడ్డుపడలేను. మాటిచ్చాను. నాయిన తలెత్తి నవ్వుతున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. పెద్దనాయన మొహం చూశాడు. ఆ నవ్వులో ఏముందో వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు. ఈలోగా తమ్ముడు ఆయన ముందుకొచ్చాడు.

"ఎయ్యాలెనా?"

నాయిన చెయ్యి దానంతటదే లేచి కంచానికి అడ్డం వచ్చింది. "వద్దు" అన్నాడు. అరవై ఏళ్ళ అలవాటు అది, ఆయన అనలేదు, చెయ్యే అంది.

తమ్ముడు పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాయిన కంచంలో ఉత్త తెల్లన్నం. క్యాంటీన్ ఆయన కంగారుగా ఇంకో గిన్నెతో కదలబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. ఎందుకు ఆపానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. నాయిన ఆ అన్నం వంక చూశాడు. తన చేతి వంక చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో అయితే దానికి చెంబెడు నీళ్ళు వచ్చేవి. ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు మా నాయిన, ఓట్లు కూడా నోరు తెరిచి అడగని మనిషి, అంతమంది ముందు అడిగాడు.

"కొడుకా, నాకు గింత పప్పు కావాలె."

తమ్ముడు వేస్తున్నవాళ్ళకు వెయ్యడం పూర్తి చేసి వెనక్కి వచ్చాడు. ఒక గంటె వేశాడు. చాల్నా అని అడిగాడు. ఇంకింత ఎయ్యి అన్నాడు నాయిన. ఇంకో గంటె వేసి మళ్ళీ చాల్నా అని అడిగాడు. నాయిన వాడి మొహంలోకి చూశాడు. వాడు గుండీలోకి చూస్తూ, జవాబు కోసం ఓపిగ్గా ఆగి ఉన్నాడు. మా నాయినకు ఎంత కావాలో తెలుసుకోవడానికి ఆయన జీవితంలో ఎవరన్నా అలా ఆగారో లేదో నాకు తెలియదు.

"ఇగ చాలు" అన్నాడు నాయిన. ఎత్తిన గంటె గిన్నెలోకి వెనక్కి వెళ్ళింది.

రోడ్డు పని చూడ్డానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన నాయిన పక్కన కూర్చున్నాడు. ఎవరండీ ఈ అబ్బాయి అని మామూలుగా అడిగాడు. నాయిన ముద్ద మింగి చెప్పాడు.

"నా కొడుకు. ఈడ్నే పని చేస్తడు. అడిగి పెడ్తడు."

నేను స్తంభం వెనక్కి తిరిగి చున్నీతో కళ్ళు తుడుచుకున్నాను. క్యాంటీన్ ఆయన మర్యాద తెలిసినవాడు, వంటగదిలోకి వెళ్ళి ఎవరి మీదో అరిచాడు.

పెద్దలందరూ వెళ్ళిపోయినా నాయిన వెళ్ళలేదు. క్యాంటీన్ కట్టేసేదాకా గేటు దగ్గర జీపు పెట్టుకుని ఉన్నాడు. తమ్ముడు చేతులు కడుక్కుని, చొక్కా అంచు రుద్దుకుంటూ బయటికొచ్చాడు. నేనూ లైబ్రరీ తాళం వేసి అప్పుడే గేటు దగ్గరికి చేరాను. నాయిన జీపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"రా కొడుకా, జీపుల పోదాం."

"వద్దు నాయినా" అన్నాడు తమ్ముడు. "బస్సొస్తది."

మా ఇళ్ళలో ఒక వద్దు అన్నాక రెండో పిలుపు ఉంటుంది, మూడోది ఉంటుంది, చెయ్యి పట్టి లాగడం ఉంటుంది. నాయిన నోరు తెరిచాడు. ఆ రెండో పిలుపు ఆయన నాలుక చివర నిలబడటం నాకు కనబడింది. బయటికి రాలేదు. తలుపు మెల్లగా మూశాడు. "మంచిది" అన్నాడు.

తమ్ముడు రోడ్డు దాటి స్టాపులో నిలబడ్డాడు. మేమిద్దరం జీపు పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాం. మేడ్చల్ బస్సు వచ్చింది. వాడు బోర్డు చదువుకుని ఎక్కాడు, కండక్టర్ ముందు సీటు చూపించాడు. మా వైపు చెయ్యి ఊపలేదు. ఊపమని మేము అడగలేదు కదా. బస్సు కనబడకుండా పోయేదాకా నాయిన అటే చూశాడు.

తర్వాత నా వైపు తిరిగాడు. చిన్నప్పట్నుంచీ బండి దగ్గర ఆయన నాతో అనే మాట "ఎక్కు" అనే. ఆ రోజు అలా అనలేదు.

"దూలపల్లి దాకా దించాల్నా బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం ఆగాడు.

అలవాటు కొద్దీ ముందు వద్దనాలి. నేను అనలేదు. దించు నాయినా అన్నాను, అడిగిన మొదటి మాటకే.